ఎండకు కౌలు

వేసవిలో ఎండను తిట్టుకోకుండా మనకు పొద్దు గడవదు. అయినా ఎండను మనం వాడుకున్నట్టు ఇంకెవరైనా వాడుకుంటారా చెప్పండి! గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, మాగాయ ముక్కలు, సగ్గుబియ్యపు వడియాలు, ఏడాదికి సరిపడా చింతపండు, పప్పులు అన్నీ మేడ మీదికెక్కి దిగవలసిందే. మా అమ్మయితే "ఎండ ఊరికే పోతోందర్రా, పక్కబట్టలైనా ఆరేసి రండి" అని కేకలేసేది. ఎండ ఊరికే పోతోందంటే ఆవిడకు పాలు పొంగిపోతున్నట్టే ఉండేది. ఇప్పుడు ఆవిడ ఉండి ఉంటే ఏమనేదో గాని, మా పుట్టింటి పొలంలో పడే ఎండను కౌలుకు అడుగుతున్నారు.

పుట్టిల్లంటే పోలవరానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. నేను రాజమహేంద్రవరంలో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది గాని, పండగకు కొవ్వూరు వంతెన దాటగానే మనసు పుట్టింటి వైపు పరుగెడుతుంది. గోదావరి జిల్లా అనగానే అందరూ పచ్చటి వరిచేలనుకుంటారు. మా వైపు అలా కాదు. మాది మెట్ట. ఎర్రనేల, జీడిమామిడి, కాస్త మొక్కజొన్న, నువ్వులు, వానను బట్టి ఏదో ఒకటి. పోయిన వేసవిలో ఒక మధ్యవర్తి వచ్చి మా తమ్ముడితో మాట్లాడాడట. మా పొలం ఒక్కటే కాదు, దాన్ని ఆనుకుని ఉన్న మెట్టంతా నూరెకరాల పైచిలుకు కలిపి సోలార్ కేంద్రం పెడతారట. ఇరవైతొమ్మిదేళ్ళ కౌలు.

తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, దున్నక్కర్లేదు, కూలీల కోసం తిరగక్కర్లేదు, కోతుల్ని కాయక్కర్లేదు. ఎండ పడితే చాలు."

"వాన పడితేనో?" అన్నాను.

"వాన పడినా కౌలు కౌలే అక్కా. జీడిగింజల మీద వచ్చేదానికి రెండింతలు. నువ్వొచ్చి సంతకం పెట్టాలంతే."

నా సంతకం దేనికంటే, ఆ పొలంలో నాకూ భాగం ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన వాటా అని మన రాష్ట్రంలో 1985లోనే చట్టం తెచ్చారు. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ వాటా కింద నాకు అందింది ఏటా ఓ డబ్బా జీడిపప్పు, రెండు బుట్టల మామిడిపళ్ళు. నేనూ అంతకు మించి అడగలేదు. ఇప్పుడు కంపెనీవాళ్ళ వకీలు ఆడపడుచుల సంతకాలు లేనిదే కాగితం చెల్లదన్నాడట. ఇరవైతొమ్మిదేళ్ళ కాగితం గదా! అప్పటికి నేను ఉంటే డెబ్భై దాటి ఉంటాను. అందుకని, పెట్టే ముందు ఈ సోలార్ వ్యవహారమేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకున్నదాంట్లో మీకు పనికొచ్చేది కొంత ఉందనిపించింది.

నేనూ మీలాగే ఎండ ఎంత మండిపోతే అంత కరెంటు వస్తుందనుకున్నాను. అది తప్పట. ఆ పలకలకు కావలసింది వెలుగు, వేడి కాదు. పలక బాగా వేడెక్కితే కరెంటు కాస్త తగ్గుతుంది కూడాను. మన రోహిణీకార్తె ఎండ కంటే ఫాల్గుణమాసపు ఎండే దానికి హాయి. సిలికాన్ అనే పదార్థంతో చేసిన బిళ్ళల మీద వెలుతురు పడగానే లోపల కరెంటు పుడుతుంది. అది బ్యాటరీలో ఉండే తరహా కరెంటు. దాన్ని ఇన్వర్టరు మన ఇళ్ళల్లో వాడే తరహాకి మారుస్తుంది. అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫార్మరు, సబ్‌స్టేషను, తీగలు. పొగ లేదు, బొగ్గు లేదు, చప్పుడు లేదు. ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. ఏడాదికి సుమారు పదిహేను లక్షల యూనిట్లు వస్తుంది. నెలకు రెండువందల యూనిట్లు కాల్చే మనబోటి ఇళ్ళు ఆరువందలకు పైగా నడుస్తాయన్నమాట. ఆ లెక్కన మా నూరెకరాల ఎండతో ఒక చిన్న పట్నం వెలుగుతుంది.

మన రాష్ట్రంలో ఇది కొత్తేమీ కాదు. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల భూముల్లో 1000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. ఆరువేల ఎకరాలకు కాస్త తక్కువ. ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో అప్పటికి ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన కడప పార్కు కోసం వేలం వేస్తే యూనిట్‌కు 3 రూపాయల 15 పైసలకు ఇస్తామని ఒక కంపెనీ వచ్చింది. "మరి మా ఇంటి బిల్లు ఎందుకు తగ్గలేదు?" అని మీరంటారు. నేనూ అడిగాను మా వారిని. ఆయన పేపరు దించకుండానే "నువ్వు దీపం పెట్టేవేళకు సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు గదా" అన్నారు. వేళాకోళానికన్నా మాట నిజమే. మనం వంటగదిలో మిక్సీ, గ్రైండరు, హాల్లో టీవీ, పిల్లల గదిలో ఏసీ అన్నీ వేసేది పొద్దు గూకాక. ఆ వేళకు బొగ్గో, నీళ్ళో, బ్యాటరీయో దిక్కు. మా పోలవరం ఆనకట్ట దగ్గర 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కడుతున్నారు. పగలు ఎండ, రాత్రి నీళ్ళు వంతులేసుకుని పనిచేసే రోజులొస్తే, తోడికోడళ్ళ కాపురంలా సాగిపోతుందేమో! వాళ్ళ మధ్య పేచీలు రావని మాత్రం నేను పూచీ ఇవ్వలేను.

పల్లెల్లో ఆడవాళ్ళకు ఈ పగటి కరెంటు వల్ల జరిగే మేలు ఒకటుంది. అది పట్నంలో ఉన్న మనకు తట్టదు. నా చిన్నతనంలో పొలాల మోటార్లకు కరెంటు వంతుల మీద వచ్చేది. ఆ వంతు అర్ధరాత్రి పడేది. నాన్నగారు టార్చిలైటు పట్టుకుని, కర్ర చప్పుడు చేసుకుంటూ వెళ్ళేవారు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ వీధరుగు మీద కూర్చునేది. పాములు, తేళ్ళు, తడిచేతుల్తో స్టార్టరు ముట్టుకోవడం, ఇవన్నీ ఆవిడ కళ్ళ ముందు తిరిగేవి. సోలార్ కరెంటు పుట్టేదే పగలు గనక, పొలాల మోటార్లకు దాన్ని ఇస్తే ఆ రాత్రి కాపలా తప్పుతుంది. 2019లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన కుసుమ్ పథకం ఉద్దేశాల్లో అదొకటి. సబ్‌స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న బంజరు మీద రైతులే రెండు మెగావాట్ల దాకా పెట్టుకోవచ్చని కూడా అందులో ఉంది. రైతే యజమాని అయితే ఆ కథ వేరు. మా మధ్యవర్తి చెప్పినదాంట్లో యజమాని ఎక్కడో ఉంటాడు. మనం భూమి ఇచ్చి పక్కకు తప్పుకోవడమే.

సరే, ఇచ్చినవాళ్ళ సంగతి ఎలా ఉందో చూద్దామనుకుంటే నాకు పావగడ కనబడింది. కర్ణాటకలో తుముకూరు జిల్లా. మన అనంతపురం సీమకు ఆనుకునే ఉంది. ఆ పల్లెల్లో తెలుగు మాట బాగా వినబడుతుంది. వేరుసెనగ వేసి వాన కోసం ఆకాశంకేసి చూసే భూములు. తిరుమణి, వళ్ళూరు మొదలైన అయిదు ఊళ్ళలో పదమూడు వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల పార్కు పెట్టారు. 2018 మార్చిలో ప్రారంభించి 2019 ఆఖరుకు పూర్తి చేశారు. అక్కడ భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు. రెండేళ్ళకోసారి నూటికి అయిదు పెంపు. రెండువేల పైచిలుకు రైతులు ఇచ్చారు. వాన వచ్చినా రాకపోయినా బ్యాంకులో డబ్బు పడుతుంది, భూమి పేరు మారదు. నిత్యం కరువు చూసినవాళ్ళకు అది తక్కువ మేలు కాదు. అమ్మేసుకుని డబ్బు ఖర్చుపెట్టేసుకోవడం కన్నా నయమే గదా.

కాకపోతే కౌలు అందేది భూమి ఉన్నవాళ్ళకు. అయిదెకరాలున్నవాడికి లక్ష, యాభై ఎకరాలున్నవాడికి పది లక్షలు. ఎకరం కూడా లేక ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ ఒలిచి పొట్టపోసుకున్నవాళ్ళకు ఏమీ లేదు. కట్టేటప్పుడు రెండేళ్ళు మట్టిపని, స్తంభాలు పాతే పని దొరుకుతుంది. కట్టడం అయ్యాక కావలసింది కాపలావాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, పలకలు తుడిచేవాళ్ళు. పావగడలో భూమిలేని కూలీలు, ముఖ్యంగా ఆడకూలీలు, దగ్గర్లో పని లేక దూరాలు వెళ్ళవలసి వచ్చిందని అక్కడికి వెళ్ళి చూసినవాళ్ళు రాశారు.

ఇది చదివాక నాకు మా పొలానికి కూలికొచ్చే ఆవిడ గుర్తుకొచ్చింది. దసరాకు వెళ్ళినప్పుడు ఆవిడే వచ్చి నా ఎదుట కూర్చుంది. వీళ్ళది గోదావరి గట్టు మీద ఊరు. ఆనకట్ట కోసం ముందుగా ఖాళీ అయిన ఊళ్ళలో అదొకటి. పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది ఇలాంటి ఊళ్ళన్నీ అక్కడివే. కాలనీలో ఇల్లిచ్చారు. కాని పెరట్లో చింతచెట్టు, గట్టు కింద లంకలో దోసపాదు, పుల్లలకు అడవి, చేపలకు గోదారి, ఇవి కాలనీలోకి రావు గదా. అప్పట్నుంచీ ఆవిడ మా పొలంలోనూ, చుట్టుపక్కల తోటల్లోనూ పనిచేస్తోంది. జీడిగింజలేరడం, మొక్కజొన్న పొత్తులు విరవడం, కలుపు.

"మరి మేం యేం చెయ్యాలండి అమ్మాయిగారూ? ఆ అద్దాలకి కలుపు తియ్యక్కర్లేదంటగా?" అంది.

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ నవ్వడంలేదు.

నిజానికి తియ్యాలి. గడ్డి పెరిగి పలక మీద నీడ పడితే కరెంటు తగ్గిపోతుంది. మన గోదావరి వానలకు గడ్డి నడుమెత్తున లేస్తుంది. మధ్యవర్తిని నేనే ఫోనులో అడిగాను. మొత్తం నూరెకరాలకు కాపలాకు ఎనిమిదిమంది, గడ్డికీ తుడవడానికీ పదిమందీ చాలన్నాడు. అదీ కాంట్రాక్టరు ద్వారా. ఊళ్ళో ఆడవాళ్ళనే పెట్టుకుంటారా అంటే "చూద్దామండి" అన్నాడు. ఈ "చూద్దామండి" ఎంత దూరం వెళుతుందో మీకూ తెలుసు. పెళ్ళిచూపుల నాడు మనం విన్నదే.

ఇంకో సంగతి మా మరదలు చెప్పేదాకా నాకు తోచలేదు. "వదినగారూ, నూరెకరాల చుట్టూ కంచె వేస్తే డొంక మూసుకుపోదూ?" అంది. ఆ డొంక మీదుగానే ఆవులు మేతకు వెళతాయి, ఆడవాళ్ళు పుల్లలకు వెళతారు, పిల్లలు అడ్డదారిన బడికి వెళతారు. కంచె పడితే రెండుమైళ్ళు చుట్టు తిరగాలి. మ్యాపులో డొంక సన్నటి గీత, అంతే. కాగితం చదివిన మగవాళ్ళు ఒక్కరూ దాని మాటెత్తలేదు.

నీళ్ళ లెక్క చూడండి. మెగావాటుకు రెండువేల దాకా పలకలుంటాయి. పాతిక మెగావాట్లంటే యాభైవేలు. పలకకు రెండు లీటర్లే అనుకున్నా, ఒకసారి తుడవడానికి లక్ష లీటర్లు. మా మెట్టలో వేసవిలో బోరు ముక్కుతూ మూలుగుతూ పోస్తుంది. నీళ్ళు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలున్నాయట. అవి పెడితే నీళ్ళు మిగులుతాయి, ఆ పదిమందిలో కొందరి పని పోతుంది. ఏది అడగాలో నాకే తెలియలేదు.

మీకు ఏజెన్సీ గ్రామాల్లో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే ఒక్క మాట చెప్పండి. మా పోలవరం పైన కొన్ని గ్రామాలు ఏజెన్సీ కిందికి వస్తాయి. అక్కడ 1970 నాటి రెగ్యులేషను, 1/70 అంటారే, అది అమల్లో ఉంది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అమ్మకమే కాదు, కౌలు కూడా దాని కిందికే వస్తుంది. కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి ఎవరైనా వస్తే ముందు అది గుర్తుచేయాలి.

ఇంతా విని "అయితే ఈ సోలార్ వద్దంటావా?" అంటారేమో. అలా ఎలా అంటాను? బొగ్గు పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళుతోందో తెలిసీ వద్దనలేను. కాని ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించవచ్చు గదా. మన డెల్టాలో జానెడు భూమి కూడా బంగారమే. అందుకని జెన్‌కోవారు పోలవరం కుడి కాలవ గట్టు మీద, పెదవేగి మండలంలో, 5 మెగావాట్ల పలకలు పెట్టారు. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో అయితే లోసరి కాలవ మీదే పందిరి వేసినట్టు 1 మెగావాటు పెట్టారు. గుజరాత్‌లో మెహసాణా జిల్లాలో 2012లో కాలవ మీద ఇలాంటిదే మొదలెట్టారు. కాలవ మీద పెడితే ఎవరి పొలమూ పోదు. నీళ్ళు ఆవిరవడం కొంత తగ్గుతుంది. కింద నీళ్ళ చల్లదనానికి పలకా చల్లగా ఉండి కాస్త ఎక్కువ పనిచేస్తుంది. ఖర్చు మాత్రం ఎక్కువే, కాలవ పూడిక తీసేటప్పుడు అడ్డూను. విశాఖ దగ్గర సింహాద్రిలో 2021లో జలాశయం మీద తేలే పలకలతో 25 మెగావాట్లు, రామగుండంలో 2022లో 100 మెగావాట్లు పెట్టారు. మరి గోదావరి మీద పెట్టకూడదా అని మా అబ్బాయి అడిగాడు. వాడు గోదావరిని వంతెన మీంచి చూసినవాడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన గోదారి అది. దాని ముందు తేలే పలకలేం నిలుస్తాయి? రామగుండంలో ఉన్నది కట్టు నీరు, మాది పోటు నీరు.

ఇంకో దారి పలకల్ని ఎత్తుగా లేపి కింద సాగు చేయడం. జపాన్‌లో 2013 నుంచి పంటభూముల మీద అలా పెట్టుకోవడానికి అనుమతిస్తున్నారు. నీడలో పెరిగే పసుపు, అల్లం, చేమ మన వైపు ఎవరికి తెలియవు? గొర్రెలను మేపితే గడ్డి కోత ఖర్చు తగ్గుతుందని కొన్ని దేశాల్లో అదీ చేస్తున్నారు. మేకలు మాత్రం పనికిరావట. పలకలెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. మేక బుద్ధి ఏ దేశంలోనైనా ఒకటే!

మన మేడల సంగతి మరిచాను. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో ఇంటి మీద ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడూ ఆపైన అయితే 78,000 రూపాయలు రాయితీ పెట్టారు. కిలోవాటుకు నూరు చదరపు అడుగుల నీడ పడని చోటు చాలు, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. మా మేడ మీద మేం రెండు కిలోవాట్లు పెట్టించాం. వడియాలకు చోటు తగ్గిందని వారం రోజులు సణిగాను. మా ఏసీ కోసం మా పుట్టింటి డొంక మూసుకోవాలా అన్న ఆలోచన వచ్చాక సణుగుడు మానేశాను.

ఇక సంతకం. నేను ఓ తెల్లకాగితం మీద రాసి తమ్ముడికి పంపాను. డొంక వదిలి కంచె వేయాలి. గడ్డి పని, తుడిచే పని ఇన్నాళ్ళూ ఆ పొలాల్లో చేసినవాళ్ళకే ముందు ఇవ్వాలని కౌలు కాగితంలోనే రాయాలి. అంచున ఉన్న పదెకరాల్లోనైనా పలకలు లేపి కట్టి, కింద పసుపో చేమో వేసుకోనివ్వాలి. రెండేళ్ళకోసారి కౌలు పెరగాలి. కౌలు డబ్బు తమ్ముడూ మరదలూ ఇద్దరి పేరున ఉన్న ఖాతాలో పడాలి. గడువు తీరాక ఆ యాభైవేల పలకలను, సిమెంటు దిమ్మలను ఎవరు తీసుకుపోతారో ఇప్పుడే తేల్చాలి. సోలార్ పలకలను ఎలక్ట్రానిక్ చెత్త నిబంధనల కిందికి 2022లోనే తెచ్చారు గనక అది అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

తమ్ముడికి కోపం వచ్చింది. "నువ్విలా పేచీ పెడితే వాళ్ళు పక్క ఊరు పోతారక్కా" అన్నాడు. పోవచ్చు. వాడికి అప్పుంది, పిల్ల చదువుంది. నా డబ్బా జీడిపప్పుకు వాడి ఇబ్బందితో పోలికేమిటని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మరదలు ఫోను చేసింది. "ఆయన కోపం ఆయనదిలెండి వదినగారూ, నేను ఊళ్ళో తక్కిన ఆడపడుచులందరికీ ఆ కాగితం చదివి వినిపించాను. డొంక మాట దగ్గర అందరూ ఊఁ అన్నారు" అంది. పదకొండు కుటుంబాల్లో ఏడింటి ఆడపడుచులు సంతకాలకు ఇంకా ఊళ్ళోకి రాలేదట. సంక్రాంతికి అందరం వస్తున్నాం. మధ్యవర్తిని కూడా భోగినాటికి రమ్మని మరదలే కబురు పెట్టింది. కూలికొచ్చే ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంటానని నేను మాటిచ్చాను.